నీళ్లు కనబడితే దారి దొరికినట్టు కాదు

పోయిన నెల ఇంగ్లాండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ నడకల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బోలెడు వచ్చాయి. చాలామంది అడిగింది ఒక్క నడక గురించే: లేడీబవర్, డెర్వెంట్, హౌడెన్ రిజర్వాయర్లు, వాటి పైనున్న మూర్లు, అంటే చెట్లు లేని బయలు కొండలు. నేను షెఫీల్డ్‌లో 1998 నుంచి ఉంటున్నాను. ఆ కొండల మీదికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు, ఎన్నిసార్లు తడిశానో కూడా లెక్క లేదు. తెలిసినంత చెప్తాను.

ప్రశ్న: అక్కా, మేం మాంచెస్టర్‌లో ఎనిమిది మందిమి, అందరం ఐటీలోనే. ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుద్దామని ప్లాన్. డెర్వెంట్ ఎడ్జ్ మీద ఎత్తైన చోటు 538 మీటర్లేనట కదా? మేం అలిపిరి మెట్లు ఎక్కాం, అరుణాచలం గిరిప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేశాం. దీనికి మళ్లీ బూట్లు, మ్యాప్ అంత హడావుడి అవసరమా? — మాంచెస్టర్ తమ్ముడు

జవాబు: అవసరమే తమ్ముడూ. అలిపిరిలో 3,550 మెట్లున్నా చాలా మేర నెత్తిన కప్పు ఉంటుంది, లైట్లుంటాయి, కాళ్లు లాగితే కూర్చోవడానికి మండపం, దాహమేస్తే నీళ్లు. అరుణాచలం 14 కిలోమీటర్లూ తారు రోడ్డే, అడుగడుగునా టీ కొట్టు. ఇక్కడ కొండ ఎక్కాక మీరు, గాలి, గొర్రెలు. అంతే. తలదాచుకోవడానికి చెట్టు కూడా ఉండదు. ఎత్తు 538 మీటర్లే కానీ మబ్బు కూడా ఒక్కోసారి అంత ఎత్తులోనే కూర్చుంటుంది.

ముందు దారి చెప్తాను. ఫెయిర్‌హోమ్స్ దగ్గర కారు పెట్టండి. అక్కడ టాయిలెట్లు, టీ దొరుకుతాయి. తర్వాత దొరకవు, కాబట్టి రెండు పనులూ అక్కడే ముగించుకోండి. డెర్వెంట్ డ్యామ్ గోడ కింద నుంచి అవతలి ఒడ్డుకు దాటి, లేడీబవర్ తూర్పు గట్టున దక్షిణంగా నడవండి. దారి వెడల్పుగా, చదునుగా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. పెద్ద వయాడక్ట్, అంటే నీళ్ల మీద రోడ్డు వంతెన, దగ్గరికి రాకముందే ఎడమ చేతికి కొండెక్కే దారి వస్తుంది. అక్కడే కబుర్లు ఆగిపోతాయి. ఆయాసంతో విన్‌స్టోన్ లీ టార్ (టార్ అంటే కొండ మీది రాళ్ల గుట్ట) మీదికి చేరారంటే కష్టమైన ఎక్కుడు అయిపోయినట్టే. అక్కడి నుంచి ఉత్తరంగా కొండ అంచు పట్టుకుని వెళ్లడమే.

ఈ అంచు పొడవునా గాలీ వానా చెక్కిన రాళ్లుంటాయి. దూరం నుంచి గుర్రపు బండిలా కనబడేవి వీల్ స్టోన్స్, తర్వాత వైట్ టార్, ఆ తర్వాత సాల్ట్ సెల్లర్, అంటే ఉప్పు గిన్నె. ఇంకాస్త ముందుకెళ్తే కేక్స్ ఆఫ్ బ్రెడ్. మా ఆయన మాత్రం వాటిని ‘దిబ్బరొట్టెలు’ అంటాడు, నిజానికి ఆ పేరే బాగా నప్పుతుంది. చివర బ్యాక్ టార్, దాని పక్కన లాస్ట్ లాడ్. అక్కడ దిగువకు తిరిగి డెర్వెంట్ రిజర్వాయర్ గట్టుకు చేరి, ఎడమకు తిరిగి నీళ్ల వెంబడి ఫెయిర్‌హోమ్స్‌కు వచ్చేయడం. మొత్తం సుమారు 18 కిలోమీటర్లు. ఓపిక ఉన్నవాళ్లు లాస్ట్ లాడ్ దగ్గర దిగకుండా హౌడెన్ మూర్ల మీదుగా స్లిప్పరీ స్టోన్స్ దాకా పోయి మూడో రిజర్వాయర్ చుట్టి వస్తారు. మొదటిసారే అది పెట్టుకోకండి.

ఎంతసేపు పడుతుందంటే, స్కాట్లాండ్‌కు చెందిన నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ లెక్కన మీ నడక నాలుగున్నర గంటల్లోపే అయిపోవాలి. కానీ ఆయన తెలుగువాళ్లతో నడిచి ఉండడు. ఫొటోలు, సెల్ఫీలు, ‘వాడెక్కడ, వెనకబడ్డాడా’, మధ్యాహ్నం భోజనం... ఏడు గంటలు వేసుకోండి.

జీన్స్ వద్దు. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది, ఆగస్టులో కూడా. కింద కార్ పార్కులో టీషర్ట్ సరిపోతుంది, పైన గాలికి చెవులు నొప్పెడతాయి. వాన కోటు, స్వెట్టర్, మడమ పట్టి ఉంచే బూట్లు, తలకు కట్టుకునే టార్చ్. మ్యాప్ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్లది, డార్క్ పీక్ షీటు, ఓఎల్1. ఫోన్‌లో యాప్ ఉందంటారు, సరే, ఉంచుకోండి. వేళ్లు కొంకర్లు పోతే టచ్ స్క్రీన్ మీ మాట వినదు.

తిండికి పులిహోరను మించింది లేదు. పొద్దున చేసింది సాయంత్రానికి ఇంకా రుచి. దద్దోజనం కొండ మీద చల్లగా తినలేరు, నేను ప్రయత్నించాను. ఒకసారి వీల్ స్టోన్స్ చాటున డబ్బా మూత తీయగానే గాలికి కరివేపాకు రెబ్బ ఎగిరిపోయింది, ఆ వెనకే వేయించిన మిరపకాయ. మేం చూస్తుండగానే హెదర్ పొదల్లోంచి ఒక గ్రౌస్ పిట్ట లేచింది. మన కౌజుపిట్టకు పెద్దక్కలా ఉంటుంది, ఎర్రటి కనుబొమలు. దాని అరుపు ఇక్కడివాళ్లకు ‘గో బ్యాక్, గో బ్యాక్’ అని వినబడుతుందట. మా ఇంట్లో అందరికీ అదే వినబడింది, బహుశా మిరపకాయ సంగతి తెలిసి అనుంటుంది.

ఆగస్టు ఎంచుకున్నారు, మంచి పని చేశారు. ఆ నెలలో హెదర్ పూసి కొండ కొండంతా వంకాయ రంగులోకి తిరుగుతుంది.

ప్రశ్న: మేడమ్, మీరు ఎప్పుడైనా దారి తప్పారా? నిజం చెప్పండి. — లీడ్స్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పాను. తప్పు పూర్తిగా నాదే.

అది అక్టోబర్ చివరి ఆదివారం. ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరిపే రోజు. మా తమ్ముడి కొడుకు చదువుకోవడానికి వచ్చి నెలన్నర అయింది, వాడికి ఈ ప్రాంతం చూపిద్దామని పై దారిలోనే తీసుకెళ్లాను. ఒక గంట ఎక్కువ నిద్ర దొరికిందన్న ఆనందంలో ఆ గంట సాయంత్రం పోతుందని మర్చిపోయాను. ముందు రోజు ఆరింటికి చీకటి పడిందా, ఈ రోజు ఐదుకే పడుతుంది. పైగా భోజనం దగ్గర గంటన్నర కూర్చున్నాం. వాడు వాళ్లమ్మతో వీడియో కాల్ మాట్లాడాడు, నేను మధ్యలో దూరి మా మరదలితో పెళ్లి సంబంధాల గురించి మాట్లాడాను.

బ్యాక్ టార్ చేరేసరికి మూడయింది. మబ్బు దిగింది. దిగడమంటే పైనుంచి రావడం కాదు, చుట్టూ ఉన్నట్టుండి మాయమైపోవడం. పది అడుగుల అవతల రాయి కనబడదు. ఆ రాళ్ల గుట్ట దగ్గర దారులు చీలతాయి. లాస్ట్ లాడ్‌కు వెళ్లేది పడమటి వైపు, ఇంకోటి తూర్పుకు, స్ట్రైన్స్ వైపు. రాళ్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి ఫొటో దిగాం. తిరిగి బయల్దేరినప్పుడు ఏ దిక్కుకు పోతున్నామో చూసుకోలేదు. దారి బాగుంది, కాళ్ల కింద గట్టిగా ఉంది, ఇంకేం కావాలి.

అరగంటకు మబ్బు కింది అంచు దాటి బయటికొచ్చాం. ఎదురుగా నీళ్లు. ‘హమ్మయ్య, అదిగో మన డ్యామ్’ అన్నాను. వాడు పాపం ‘అత్తా, అది చిన్నగా ఉందే’ అన్నాడు. ‘పైనుంచి చూస్తే అట్లాగే ఉంటుందిలే’ అని నోరు మూయించాను. ఇంకో పది నిమిషాలు నడిచాక నాకే అనుమానమొచ్చి దిక్సూచి తీశాను. ముల్లు చూస్తే మేం పోతున్నది తూర్పుకు. మన రిజర్వాయర్ పడమట ఉండాలి. ఆ కనబడేది స్ట్రైన్స్ రిజర్వాయర్! కొండకు రెండో వైపు.

ఆ ప్రాంతమంతా రిజర్వాయర్లే. నీళ్లు కనబడితే దారి దొరికినట్టు కాదు, అవి ఏ నీళ్లో తెలియాలి. అంచు మీద ఉత్తరంగా నడుస్తున్నంతసేపూ లేడీబవర్, డెర్వెంట్ మీ ఎడమ చేతి వైపే ఉండాలి. మబ్బు పడితే పది నిమిషాలకోసారి దిక్సూచి చూసుకోవాలి. ఇంతకన్నా పెద్ద రహస్యం నా దగ్గర లేదు.

వెనక్కి ఎక్కితే మళ్లీ మబ్బులోకి, చీకట్లోకి పోవాలి. కాబట్టి ఎక్కలేదు, ఆ దారినే రోడ్డు దాకా దిగాం. అప్పటికి నా ఫోన్ 11 శాతం. మా ఆయన వచ్చి తీసుకెళ్లాడు. ఫెయిర్‌హోమ్స్‌లో ఉన్న కారు దగ్గరికి కొండ చుట్టూ తిరిగి పోవాలి కదా, దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లాస్ట్ లాడ్ అంటే తప్పిపోయిన కుర్రాడు. డెర్వెంట్ ఊరి కుర్రాడొకడు గొర్రెల కోసం వెళ్లి మంచులో దారి తప్పి, ‘లాస్ట్ లాడ్’ అని రాతి మీద గీసి చనిపోయాడని కథ. మా వాడికి ఆ కథ నేను ఇంటికొచ్చాక చెప్పాను.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు లేడీబవర్ చూశాం. నీళ్ల కింద ఊరుందని, ఎండ ముదిరితే చర్చి గోపురం పైకి తేలుతుందని ఎవరో అన్నారు. మాది సంగమేశ్వరం దగ్గర. అందుకే అడుగుతున్నా, నిజమేనా? — నంద్యాల జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాదీ ఆ వైపే. మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. నేను ఐదో, ఆరో క్లాసులో ఉన్నాను. తలుపులు, వాకిళ్లు, దూలాలు కూడా ఊడదీసి ఎడ్లబండి మీద తెచ్చుకోవడం గుర్తుంది. అమ్మమ్మ మాత్రం రోలు తెచ్చుకుంది. మనిద్దరికీ సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లలోంచి లేవడం కొత్త కాదు. కాబట్టి ఇక్కడి సంగతి కాస్త వివరంగా రాస్తాను.

ఊరు నిజం. ఒకటి కాదు, రెండు: డెర్వెంట్, ఆష్‌ప్టన్. లేడీబవర్ డ్యామ్ పని 1935లో మొదలై 1943లో పూర్తయింది. నీళ్లు నిండాక 1945 సెప్టెంబర్‌లో ఆరో జార్జి రాజు వచ్చి ప్రారంభించాడు. పైనున్న హౌడెన్, డెర్వెంట్ డ్యాములు అంతకు ముందువి, 1912లో ఒకటి, 1916లో ఒకటి పూర్తయ్యాయి. డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్, షెఫీల్డ్ ఊళ్లకు నీళ్ల కోసం కట్టారు. షెఫీల్డ్‌లో నా వంటింటి కుళాయికీ ఆ కొండలకూ సంబంధముందని మొదట్లో నాకు తెలియదు.

ఊరు ముంచే ముందు చర్చి ఆవరణలోని సమాధులు తవ్వి, అస్థికలను బామ్‌ఫర్డ్ ఊళ్లో తిరిగి పాతిపెట్టారు. ఊళ్లో ఒక పాత రాతి వంతెన ఉండేది, గుర్రాల మీద సరుకులు మోసే కాలం నాటిది. దాన్ని రాయి రాయి విప్పి దాచి, 1959లో పైన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర మళ్లీ కట్టారు. మన కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని విప్పి అలంపురంలో కట్టలేదూ, అట్లాగన్నమాట. ఆ వంతెన మీద కూర్చుంటే కింద వాగు సన్నగా గలగలమంటుంది. నాకు అమ్మమ్మ రోలు గుర్తొస్తుంది. అది ఇప్పుడు మా చిన్నమామ ఇంటి వెనక తులసికోట పక్కన ఉంది, అందులో ఎవరూ రుబ్బరు, వాన నీళ్లు నిలిస్తే పిచ్చుకలు తాగుతాయి.

గోపురం మాట మాత్రం సగమే నిజం. చర్చి పడగొట్టినా గోపురాన్ని గుర్తుగా వదిలేశారు. కొన్నేళ్లు నీళ్లు తగ్గినప్పుడల్లా అది పైకి కనబడేది. ఈదుకుంటూ దాని దగ్గరికి పోతున్నారని భయపడి 1947 డిసెంబర్‌లో పేల్చేశారు. ఇప్పుడు గోపురం చూశామని ఎవరన్నా చెప్తే నమ్మకండి. కరువొచ్చి నీళ్లు బాగా దిగిన ఏళ్లలో, 2018లో, 2022లో, డెర్వెంట్ ఊరి గోడల పునాదులు, రాళ్ల కుప్పలు బయటపడ్డాయి. జనం తిరునాళ్లకొచ్చినట్టు వచ్చారు. బురదలో కూరుకుపోయినవాళ్లను బయటికి లాగాల్సి వచ్చింది. మీరెప్పుడైనా ఆ సమయానికి ఉంటే గట్టు మీద నుంచే చూడండి.

ముంపు ఊళ్ల గురించి చెప్పేవాళ్లు పైనున్న ఇంకో ఊరిని మర్చిపోతారు. మొదటి రెండు డ్యాములు కట్టడానికి వచ్చిన కూలీల కోసం బర్చిన్‌లీ అని రేకుల ఇళ్ల ఊరు వెలిసింది, దాన్ని ‘టిన్ టౌన్’ అనేవాళ్లు. బడి, ఆస్పత్రి, దుకాణాలు, సారాయి కొట్టు అన్నీ ఉండేవి, సుమారు 900 మంది. డ్యాము పనవగానే రేకులు విప్పుకుని పోయారు. దాన్ని ముంచాల్సిన పని కూడా లేకపోయింది. ఇప్పుడు చెట్ల మధ్య మెట్లలా చదును చేసిన నేల కనబడుతుంది, అంతే.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలు కొండెక్కితే నేను కారులో కూర్చోవాలా? — గుంటూరు, ప్రస్తుతం నాటింగ్‌హామ్

జవాబు: కారులో ఎందుకండీ? ఫెయిర్‌హోమ్స్ నుంచి డెర్వెంట్ డ్యామ్ గోడ కిందికి కొద్ది దూరమే. దానికి ఎదురుగా పచ్చిక ఉంది. శీతాకాలంలో, వానలు బాగా పడ్డాక, గోడ పొడవునా నీళ్లు పొర్లిపడుతూ తెల్లటి తెర కట్టినట్టుంటుంది. రెండు కొసల్లో రెండు రాతి బురుజులు. 1943లో బ్రిటిష్ వైమానిక దళం 617 స్క్వాడ్రన్ వాళ్లు జర్మనీ డ్యాములు కూల్చడానికి ఇక్కడే తక్కువ ఎత్తులో ఎగరడం ప్రాక్టీసు చేశారు, ఈ బురుజులు అక్కడి డ్యాము బురుజుల్లాగే ఉన్నాయి కాబట్టి. మే 16 రాత్రి బయల్దేరి వెళ్లారు, రెండు డ్యాములు తెగ్గొట్టారు. కిందున్న జనం వెయ్యి మందికి పైగా కొట్టుకుపోయారు. యుద్ధ గాథ చెప్పేవాళ్లు ఈ చివరి వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తారు.

రిజర్వాయర్ గట్టు వెంబడి దారులు చదునే. మీ ఓపికున్నంత నడిచి వెనక్కి తిరగండి. లేడీబవర్ డ్యామ్ దగ్గర రాతి మెట్లతో పెద్ద గరాటుల్లాంటివి రెండు ఉంటాయి, ఒక్కోటి 24 మీటర్ల వెడల్పు. రిజర్వాయర్ నిండితే మిగులు నీళ్లు వాటిలోకి దూకి కిందికి పోతాయి. మనవళ్లకు అవి కొండ కన్నా నచ్చుతాయి. శాలువా మర్చిపోకండి.

ప్రశ్న: వినాయక నిమజ్జనం ఆ రిజర్వాయర్లో చేసుకోవచ్చా? మట్టి విగ్రహమే. — షెఫీల్డ్ కుర్రాళ్లు

జవాబు: వద్దు. అవి తాగే నీళ్లు. ఈత కూడా కూడదు, వేసవిలో సైతం లోపల నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే దూకగానే ఊపిరి అందక బలమైన ఈతగాళ్లే మునిగిపోతారు. ఇంటి వెనక బకెట్లో చేసుకోండి, ఆ మట్టి గులాబీ కుండీలో పోయండి. మేం ఏటా అదే చేస్తాం, ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు.

ప్రశ్న: మూర్ మీద నేల నల్లగా ఉంది, కాలు పెడితే మోకాలి దాకా దిగింది. మా ప్రకాశం జిల్లా నల్లరేగడి లాంటిదేనా? ఇంత నీళ్లుండి పంట ఎందుకు లేదు? — బర్మింగ్‌హామ్ నుంచి ఒక రైతుబిడ్డ

జవాబు: రంగొక్కటే పోలిక. నల్లరేగడి బంకమట్టి, చెప్పుకు అంటుకుని వదలదు. ఇది పీట్. మట్టి కానే కాదు, కుళ్లీ కుళ్లని నాచు. స్ఫాగ్నమ్ అనే నాచు నీళ్లలో నానుతూ చస్తే, గాలి ఆడక పూర్తిగా కుళ్లదు, పొర మీద పొర పేరుకుంటుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. మీ కాలు మోకాలి దాకా దిగిందంటే కొన్ని వందల ఏళ్ల కిందికి పోయొచ్చిందన్నమాట. చేతిలోకి ఒక ముద్ద తీసుకుని పిండి చూడండి, స్పాంజి పిండినట్టు టీ రంగు నీళ్లు కారతాయి, చేతిలో పీచు మిగులుతుంది. పుల్లటి నేల, సారం లేదు. హెదర్, బిల్‌బెర్రీ, దూదిపింజల్లాంటి తెల్ల కుచ్చుల గడ్డి మాత్రమే తట్టుకుంటాయి.

ఈ నాచుకు పెద్ద దెబ్బ మనుషుల వల్లే తగిలింది. ఒక పక్క మాంచెస్టర్ నూలు మిల్లులు, ఇంకో పక్క షెఫీల్డ్ ఉక్కు కొలుములు, వందేళ్లకు పైగా ఆ పొగ, మసి ఈ కొండల మీదే పడింది. నాచు చచ్చి, నేల బోసిపోయి, వానకు కోసుకుపోయి గండ్లు పడ్డాయి. కోసుకుపోయిన పీట్ ఎక్కడికి పోతుంది? కిందున్న రిజర్వాయర్లోకే. నీళ్లు శుద్ధి చేసేవాళ్లకు ఆ రంగు తీయడం పెద్ద పని. ఇప్పుడు గండ్లకు చిన్న చిన్న అడ్డుకట్టలు వేసి, నాచు మొక్కలు చేత్తో నాటుతున్నారు. నారు నాటినట్టే వంగి, వరసగా, చిన్న ముద్దలు గుచ్చుతారు. వరిమడిలో వంగిన నడుములకు ఆ నొప్పి వెంటనే అర్థమవుతుంది.

నడిచే దారిలో అక్కడక్కడా రాతి పలకలు పరిచి ఉంటాయి. వాటిలో చాలా వరకు పాడుబడ్డ మిల్లుల నుంచి తెచ్చిన నేలబండలు. కొన్నిటికి ఇంకా బోల్టు బెజ్జాలు కనబడతాయి. వాటి మీదే నడవండి. పక్కన పచ్చగా, మెత్తగా, చక్కగా కనబడేదే మిమ్మల్ని మోకాలి దాకా దించింది.

అగ్గి మాత్రం వెలిగించకండి. ఎండిన పీట్ అంటుకుంటే లోలోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. కొండ మీద బొగ్గుల పొయ్యి పెట్టి చికెన్ కాల్చుకుందామనే ఆలోచన ఉంటే ఇంటి పెరట్లో తీర్చుకోండి.

ప్రశ్న: ఒక గేటు దగ్గర ‘ప్రైవేట్’ అని బోర్డుంది, ఇంకో గేటు మామూలుగా ఉంది. ఎవరి భూమో తెలియకుండా నడిస్తే కేసు పెట్టరా? వీసా మీద ఉన్నాం, టెన్షన్‌గా ఉంది. — డెర్బీ విద్యార్థిని

జవాబు: ఆ టెన్షన్ మీ ఒక్కరిదే కాదు, ఒకప్పుడు ఇక్కడివాళ్లందరిదీ. ఈ మూర్లు గ్రౌస్ వేట కోసం జమీందార్లు కంచెలు వేసి కాపలా పెట్టుకున్నవి. ఆదివారం మాత్రమే సెలవు దొరికే మిల్లు కూలీలకు కిటికీలోంచి కనబడే కొండ మీదికి పోయే హక్కు లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంకా కొన్ని వందల మంది కలిసి హేఫీల్డ్ నుంచి కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచారు. కాపలావాళ్లతో పెనుగులాట అయింది, ఐదుగురికి జైలు పడింది. మన ఉప్పు సత్యాగ్రహం అయి రెండేళ్లయింది అప్పటికి. వీళ్లది ఉప్పు కాదు, నడక.

1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. 2000లో వచ్చిన చట్టం వల్ల ఇప్పుడు చాలా మూర్ల మీద దారి వదిలి కూడా నడవొచ్చు. నేను చెప్పిన మ్యాప్‌లో అలాంటి నేలకు లేత పసుపు రంగు వేసి ఉంటుంది. ఆ రంగు ఉన్నచోట మీరు దొంగ కాదు, అతిథి కూడా కాదు, హక్కుదారే. ‘ప్రైవేట్’ బోర్డున్నది ఏ ఇంటి వాకిలో, పొలమో అయ్యుంటుంది, అటు పోకండి. గేటు ఎట్లా ఉంటే అట్లాగే వదిలిపెట్టండి. కుక్కను తెచ్చుకుంటే మార్చి 1 నుంచి జూలై 31 దాకా తాడు విప్పకూడదు, పిట్టలు నేల మీదే గూడు కడతాయి.

ప్రశ్న: మా ఆయన ప్రతి ఆదివారం ఒక్కడే ఈ కొండల్లోకి పోతాడు. సాయంత్రం ఏడు దాటితే నా గుండె దడదడ. ఫోన్ చేస్తే ‘నాట్ రీచబుల్’. ఏం చెయ్యమంటారు? — రాదరమ్ నుంచి ఒక చెల్లెలు

జవాబు: పోవద్దనడం వల్ల లాభం లేదమ్మా, మా ఇంట్లో ఆ మాట నాతో అనేవాళ్లు అని అని ఊరుకున్నారు. మూడు పనులు చేయించండి. ఒకటి, ఏ కార్ పార్క్, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తాడు అన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి పోవాలి. డిసెంబర్‌లో అయితే ఇక్కడ మూడు యాభైకే పొద్దు గూకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురే. కాబట్టి ‘ఏడు’ అన్నది అన్ని నెలల్లోనూ ఒకటి కాదు.

రెండు, ఆయన ఫోన్‌లోంచి ‘రిజిస్టర్’ అనే మాటను ఇంగ్లీషులో టైప్ చేసి 999కి మెసేజ్ పంపమనండి. తిరుగు మెసేజ్‌కు ‘యెస్’ అని బదులిస్తే, తర్వాత ఎప్పుడైనా మాట్లాడేంత సిగ్నల్ లేనప్పుడు మెసేజ్ ద్వారా సాయం అడగొచ్చు. ఇప్పుడే, సోఫాలో కూర్చుని ఉండగానే చేయించండి. మూడు, సంచిలో ఒక ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. అది ఆపదకు గుర్తు.

చెప్పిన టైము దాటి, దారిలో ఉన్నాడేమో అని ఇంకాసేపు చూశాక కూడా రాకపోతే 999కి ఫోన్ చేసి ముందు ‘పోలీస్’ అడగండి, తర్వాత ‘మౌంటెన్ రెస్క్యూ’ అనండి. ఫ్రిజ్ మీది కాగితం చూసి చదవండి. వచ్చేవాళ్లు జీతం తీసుకునేవాళ్లు కాదు, వాలంటీర్లు. తీరా ఆయన ఏ పబ్‌లోనో కూర్చుని ఉన్నా మిమ్మల్ని తిట్టరు. ఆయన్ను తిట్టడం మీ ఇష్టం. మా ఆయనలా మౌనంగా మాత్రం ఉండకండి.